పిడి కింద గంట

సిలిండర్‌ను తిప్పే ఉక్కుముక్కను ఆ వర్క్‌షాపులో చిన్నచెయ్యి అంటారు. వేలెడు పొడవు కూడా ఉండదు. నివెస్ సాలేరి దాన్ని పటకారుతో పట్టుకుని కిరోసిన్ దీపం పొగ మీద ఆడించింది. నల్లగా మసి పట్టాక రివాల్వర్ చట్రంలో అమర్చి, హ్యామర్‌ను బొటనవేలితో నెమ్మదిగా వెనక్కి లాగింది. సిలిండర్ ఒక గుండు గది మేర తిరిగింది. గొళ్లెం గాడిలో పడే చప్పుడూ హ్యామర్ పైన నిలిచే చప్పుడూ కలిసి ఒక్కటిగా వినబడాలి. రెండుగా వినబడ్డాయి. చిన్నచెయ్యి బయటికి తీసి చూస్తే ఒక మూల మసి చెరిగిపోయి ఉంది. ఆ మూల మీద ఆకురాయి ఒకసారి నడిపింది. రెండోసారి నడపబోయి ఆగింది. ఉక్కు తీసెయ్యడం మనిషి చేతిలో పనే గాని, తీసింది మళ్లీ అతికించడం ఎవరి తరమూ కాదు.

“రెండు చప్పుళ్లు,” అన్నాడు పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చున్న ఫౌస్తినో. ఆయన ముందు పేపరు తెరిచి ఉంది. పొద్దున్నుంచీ అదే పేజీ.

“వినబడింది మాస్టారూ.”

“పంటి జోలికి పోకు. చేతినే సవరించు.”

“ఇన్నేళ్లలో ఎప్పుడన్నా పోయానా?”

‘పంటి జోలికి పోకు’ అన్నది ఆయనకు జపం లాంటిది, జవాబు కోసం అనేది కాదు. సిలిండర్ వెనక ఆరు పళ్లుంటాయి. చిన్నచెయ్యి ఒక్కో పంటిని నెట్టి ఒక్కో గదిని గొట్టానికి ఎదురుగా తెస్తుంది. చెయ్యి పాడైతే ఇంకోటి వేసుకోవచ్చు. పన్ను ఒక్కటి తరిగినా ఆ సిలిండర్ చెత్తబుట్టకే. నివెస్‌కు ఆ సంగతి నేర్పింది ఆయనే.

వాల్ త్రోంపియా లోయలో ఇలాంటి రివాల్వర్లు చేసే చోట్లు చాలా ఉన్నాయి. నూటయాభై ఏళ్ల నాటి నమూనా, సరికొత్త ఉక్కు. తూటాలుండవు. మందూ, సీసపు గుండూ సిలిండర్ ముందు నుంచి కూరి, వెనక రాగి టోపీలు తొడిగి పేలుస్తారు. గత్తా వాళ్ల వర్క్‌షాపులో మాత్రం పోటీలకు వెళ్లే షూటర్ల కోసం ఒక బల్ల ప్రత్యేకం. ఆ బల్ల మీద అమర్చిన ప్రతి రివాల్వర్‌కూ పిడి చెక్క కింద, ఎవరికీ కనిపించని చోట, గింజంత గంట ముద్ర ఉంటుంది. ఫౌస్తినో తండ్రి చర్చిలో గంటలు కొట్టేవాడట, అందుకని కొడుకు ఆ ముద్ర ఎంచుకున్నాడు. బెర్లిన్‌లోనైనా బెల్లిన్‌జోనాలోనైనా షూటర్లు కొనే ముందు స్క్రూ విప్పి చూసేది ఆ గంట కోసమే.

పన్నెండేళ్ల కిందట ఫౌస్తినో రెండు కళ్లలోనూ చూపు మధ్యలో మచ్చ మొదలైంది. ఆపరేషన్‌కు లొంగే రకం కాదు. పక్కచూపు బాగానే ఉంది కాబట్టి నడుస్తాడు, మెట్లెక్కుతాడు, ఎదురొచ్చినవాళ్లను పలకరిస్తాడు. ఎదురుగా పెట్టుకున్నది మాత్రం కనిపించదు. అప్పటి నుంచి ఆ బల్ల మీద అమర్చేది నివెస్. జీతాల పట్టీలో ఆమె ఇప్పటికీ పాలిష్ కార్మికురాలే. ఆమె పని పూర్తి చేసి రివాల్వర్‌ను ఆయన వైపు జరుపుతుంది. ఆయన వేలితో చోటు తడుముకుని గంట ముద్ర ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదన్నమాట. అలాగని ఆమె ఎప్పుడూ అనలేదు. నేనంటున్నాను.

ఇనప మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నివెస్ ఆకురాయిని పక్కకు జరిపింది. ఫౌస్తినో పేపరు మడిచి, ఆకురాయిని ఎడమచేత్తో అందుకుని వైస్ మీదికి వంగాడు. ఆయనది ఎడమచేతి వాటం. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండా అలవాటైపోయిన పని అది. పాలిష్ చక్రం దగ్గర పనిచేసే పియేరా చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది.

దిగి వచ్చింది ఓర్నెల్లా గత్తా. తండ్రి పోయాక వర్క్‌షాపు ఆమే నడుపుతోంది. చిన్నప్పుడు ఈ బల్ల కిందే ఇత్తడి రజనుతో ఆడుకుంటూ, ఫౌస్తినోను మామా అంటూ పెరిగిన పిల్ల.

“మామా, శుక్రవారం నీ వీడ్కోలు భోజనాలు ఖాయం. మాంసం గుచ్చిన కమ్మీలు పొద్దున్నే నిప్పుల మీదికెక్కిస్తున్నారు. ఆకలితో రా. భోజనాలయ్యాక ముద్ర అరగదీసే పని, మన ఆచారం ప్రకారం.”

“వస్తాలే. నా పెళ్లికి రానట్టు చెప్తావేం?”

“నీ పెళ్లికి నేను పుట్టలేదు మామా.” ఆమె నవ్వి, అదే నవ్వుతో నివెస్ వైపు తిరిగింది. “నివెస్, నీకో మాట చెప్పాలి. మామ వెళ్లాక ఈ బల్ల మూసేస్తున్నాను. గంట లేకపోతే ఈ రివాల్వర్లు ఎవరు కొంటారు చెప్పు? నువ్వు సోమవారం నుంచి మళ్లీ పియేరాతో పాలిష్ చక్రం మీదికి వెళ్లిపో. ఇన్నాళ్లూ మామకు సాయంగా ఉన్నావు, ఆ సంగతి మరిచిపోను.”

నివెస్ ఫౌస్తినో వైపు చూసింది. ఒక్క మాట చాలు. ఆయన చిన్నచేతిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కనిపించని దాన్ని చాలాసేపు పరీక్షగా చూశాడు.

“సరే,” అంది నివెస్.

ఓర్నెల్లా ఆమె భుజం తట్టి వెళ్లిపోయింది. మంచి మనిషే. మంచివాళ్ల చేతుల్లో జరిగే అన్యాయం మీద కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు దొరకదు.

పియేరా చక్రం ఆపి, ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. ముక్కు తెల్లగా, చుట్టూ మొహమంతా నల్లగా ఉంది. “ఏమే, నీకు నోరు లేదా? పాలిష్ చక్రమట! రా తల్లీ రా, నా పక్కన కూర్చుని నల్లచీమిడి చీదుకుందువుగాని.”

“ఊరుకో పియేరా.”

“నేనెందుకు ఊరుకోవాలి? చెప్పమంటావా పైకెళ్లి?”

“నువ్వు చెప్తే చాడీ, నేను చెప్తే దొంగతనం మోపినట్టు. చెప్పాల్సింది ఆయన.”

“ఆయన చెప్తాడు! కోడి పళ్లు తోముకున్నప్పుడు చెప్తాడు.” పియేరా మళ్లీ గుడ్డ పైకి లాగి చక్రం తిప్పింది.

సాయంత్రం ఇద్దరూ మెల్లా నది మీది వంతెన దాటుతున్నారు. రోజూ అలవాటే. వంతెన చివరి మెట్టు దగ్గర నివెస్ ఆయన మోచెయ్యి పట్టుకుంటుంది, దిగగానే వదిలేస్తుంది. ఆ రోజు వదలలేదు.

“మాస్టారూ, మీరు ఓర్నెల్లా గారితో చెప్పాలి.”

“ఏం చెప్పాలి?”

“ఏం చెప్పాలో మీకు తెలీదా? బల్ల మూసేస్తోంది. గంట మీది. కాదన్ను. గంట నాకొద్దు. నన్ను ఆ బల్ల మీద ఉండనిమ్మని చెప్పండి. పని నాకొచ్చని చెప్పండి, చాలు.”

ఫౌస్తినో నది వైపు తిరిగాడు. ఆయనకు నీళ్లు కనిపించవు, చప్పుడు వినిపిస్తుంది. “పని వచ్చంటే, ఎప్పట్నుంచి అంటుంది. ఎప్పట్నుంచి అంటే, నేను ఇన్నాళ్లూ ఏం చేస్తున్నానంటుంది. శుక్రవారం అందరూ నా పేరు చెప్పుకుని తింటారు నివెస్. నాకు మిగిలింది ఆ పేరొక్కటే. కళ్లు పోయాయి, పెళ్లాం పోయింది. అది కూడా తీసుకుపోతావా?”

“తీసుకుపోవడమా!” అంది నివెస్. “ఇచ్చింది నేనుగా మాస్టారూ.”

ఆయన మోచెయ్యి విడిపించుకున్నాడు. “భోజనాల రోజు చెప్తాలే,” అన్నాడు. ఇద్దరికీ తెలుసు, చెప్పడని.

*

రెండు రోజుల తర్వాత స్విట్జర్లాండ్ నుంచి ఎల్వెత్సియో రుస్కా కారు వేసుకుని వచ్చాడు. బెల్లిన్‌జోనా క్లబ్బులో పేరున్న షూటర్. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఓర్నెల్లా వెంట మెట్లు దిగుతూనే మొదలుపెట్టాడు.

“నాకేం కాలేదు. నాకైతే సర్దుకుపోయేవాణ్ని. నా పక్కన నిలబడ్డ ఆయన చెంప చీరుకుపోయింది. సీసం ముక్క. మూడు కుట్లు పడ్డాయి. కంటికి ఇంత దూరం!” వేలు అడ్డంగా పెట్టి చూపించాడు. “గంట ఉన్న రివాల్వర్‌తో! మా క్లబ్బులో తలెత్తుకోలేకపోతున్నాను.”

రివాల్వర్‌ను బల్ల మీద, ఫౌస్తినో ముందు పెట్టాడు. గుండు గొట్టానికి సూటిగా ఎదురు రాకపోతే అంచుకు తగిలి, సీసం పక్కకు చీలుతుంది. అమర్చినవాడికి అంతకన్నా అవమానం లేదు. పియేరా చక్రం ఆపేసింది. అది ఆగాక గాని తెలియలేదు, అది అంత మోత మోగుతోందని.

ఫౌస్తినో హ్యామర్‌ను నెమ్మదిగా, చెవి దగ్గర పెట్టుకుని లాగాడు. ఒక గది. సరే. రెండో గది. సరే. అయిదు సార్లు ఒకే చప్పుడు. ఆరోసారి హ్యామర్ నిలిచింది గాని, గొళ్లెం పడలేదు. సిలిండర్ వెంట్రుకవాసి తక్కువ తిరిగి ఆగిపోయింది. ఆయన వదిలేసి మళ్లీ ఆరు సార్లు లాగాడు. మళ్లీ అదే గది.

ఆయన మొహంలో రంగు పోవడం నివెస్ చూసింది. తనకు తెలియనిదేదో ఆయనకు తెలిసిందని కూడా అర్థమైంది.

“మామా?” అంది ఓర్నెల్లా.

ఫౌస్తినో రివాల్వర్‌ను కింద పెట్టాడు. “ఇది నేను చేసింది కాదు.”

“గంట ఉంది కదా,” అన్నాడు రుస్కా.

“గంట కొట్టింది నేనే. అమర్చింది నివెస్.”

పియేరా నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయింది. పన్నెండేళ్లు పెదవి దాటని మాట, తప్పు బయటపడ్డ రోజున ఎంత సులువుగా దాటిందో! నివెస్ రివాల్వర్ తీసుకుంది. గొట్టాన్ని పట్టి ఉంచే చీల ఒక పక్కకు తట్టి, గొట్టం ముందుకు లాగి, సిలిండర్‌ను అరచేతిలోకి జార్చింది. భూతద్దం కంటికి పెట్టుకుని వెనకవైపు చూసింది.

అయిదు పళ్లు యంత్రం నుంచి వచ్చినట్టే ఉన్నాయి. ఆరో దాని మీద ఆకురాయి గీతలున్నాయి. సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఎడమకు వాలి.

కుడిచేత్తో నడిపే ఆకురాయి అటు వాలదు. నివెస్‌కు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన అక్టోబరు. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషనై ఆమె ఆస్పత్రిలో ఉంది. తిరిగొచ్చేసరికి బల్ల మీద అమర్చాల్సింది ఒకటి తగ్గి ఉంటే, వాయిదా వేశారనుకుంది. వాయిదా వెయ్యలేదు. ఈయనే కూర్చున్నాడు. కనిపించని కళ్లతో, చెవినీ వేలినీ నమ్ముకుని, చేతిని సవరిస్తున్నాననుకుంటూ పంటిని గీశాడు. పరీక్షకు కాల్చినప్పుడు హ్యామర్‌ను విసురుగా లాగి ఉంటాడు. ఆ ఊపుకు సిలిండర్ వెళ్లి కూర్చుంటుంది. రుస్కా లాంటివాడు గురి చెదరకుండా నెమ్మదిగా లాగుతాడు. నెమ్మదిగా లాగితేనే దొంగ బయటపడతాడు.

ఒక్క మాట. ‘నేను ఆస్పత్రిలో ఉన్నాను’ అంటే చాలు. పియేరా సాక్ష్యం చెబుతుంది. ఆ గీతల వాలు పసిపిల్లకు చూపించినా తెలుస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అంటే ఫౌస్తినో పరువు ఈ బల్ల మీదే పోతుంది. అది పోనీ, పోవాల్సిందే, అనిపించింది కూడా. కాని ఇంకోటి కూడా పోతుంది. ‘అమర్చింది నివెస్’ అని ఆయన ఇప్పుడే అన్నాడు. ఇది నాది కాదంటే, ఆ మాట అబద్ధమైపోతుంది. మళ్లీ ఆ మాట ఆయన నోటి నుంచి ఈ జన్మకు రాదు.

ఆమె భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది.

“అవును,” అంది. “నాదే.”

ఫౌస్తినో తల చటుక్కున ఆమె వైపు తిరిగింది.

“నీదా?” ఓర్నెల్లా గొంతు పెరిగింది. “నువ్వు అమర్చడమేంటి? ఎప్పట్నుంచి?”

“మాస్టారికి కంట్లో మచ్చ వచ్చినప్పట్నుంచి. ఇదొక్కటే కాదు ఓర్నెల్లా గారూ. పన్నెండేళ్లుగా గంట పడ్డవన్నీ నావే. ఆయన్నే అడగండి.”

ఓర్నెల్లా ఆయన్ను అడగలేదు, చూసింది. ఫౌస్తినో రెండు చేతులూ బల్ల మీద పరిచి, వాటి మధ్య ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. ఆ ఒక్క తుపాకీ ఆమెదని తనే చెప్పాడు. మిగతావి కాదని ఇప్పుడు ఏ మొహంతో అంటాడు?

“నిజమే,” అన్నాడు.

రుస్కా గొంతు తగ్గింది. “నా దగ్గర గంట ముద్రవి ఇంకో రెండున్నాయమ్మా. వాటితోనే పోయిన ఏడాది కప్పు కొట్టాను. ఒకదాని పిడి చెక్కలో కన్నులా ముడి ఉంటుంది.”

“వాల్‌నట్ పిడి. హ్యామర్ కాస్త తేలిగ్గా ఉండాలని అడిగారు.”

“అడిగాను.”

“అదీ నాదే.”

ఓర్నెల్లా మొహం ఎర్రబడింది. “అంటే నేను పైనుంచి దిగినప్పుడల్లా ఇక్కడ నాటకమన్నమాట. ఆకురాయి పట్టుకుని వంగడం, అదీ నాటకమే. మామా, నేను నీ ఒళ్లో పెరిగానే!” నివెస్ వైపు వేలు చూపింది. “నాదే అన్నావుగా. బాగు చెయ్యి, ఇప్పుడే, ఈయన ఇక్కడుండగానే. అమర్చినవాడే మొదటి ఆరు కాల్చాలి. అది కూడా నువ్వే కాల్చు.”

ఫౌస్తినో లేచి, గోడ పట్టుకుంటూ చేతులు కడుక్కునే చోటికి వెళ్లాడు. నీళ్లు చాలాసేపు పారుతూనే ఉన్నాయి.

*

ప్రభుత్వ పరీక్ష పూర్తయి ముద్రలు పడిన సిలిండర్లు కొన్ని ఎప్పుడూ అలమరాలో ఉంటాయి. నివెస్ ఒకటి తీసుకుంది. కొత్త చిన్నచెయ్యి కూడా తీసుకుంది. దీపం వెలిగించి, పొగ పట్టించి, అమర్చి, లాగి, తీసి, చూసి, ఒక గీత. మళ్లీ పొగ. రుస్కా మొదట్లో కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత లేచి ఆమె వెనక నిలబడ్డాడు. ఆ తర్వాత పియేరా ఇచ్చిన కాఫీ కప్పు చేతిలో చల్లారిపోతున్నా తాగడం మరిచాడు. ఓర్నెల్లా చేతులు కట్టుకుని మెట్ల దగ్గరే ఉంది.

నివెస్‌కు వాళ్లున్న ధ్యాసే లేదు. చివరికి హ్యామర్‌ను నత్తనడకగా ఆరు సార్లు లాగింది. ఆరు సార్లూ ఒకే చప్పుడు. దూరంగా కుళాయి దగ్గర నిలబడ్డ ఫౌస్తినో తల ఊపాడు. ఆయన తల ఊపడం ఎవరూ చూడలేదు, ఆమె తప్ప.

కాల్చే సొరంగం కొండలోకి తవ్వి ఉంటుంది. నివెస్ దానిలోకి వెయ్యి సార్లు వచ్చి ఉంటుంది, మందు పాత్రలు మోస్తూనో, బొక్కలు పడ్డ కాగితాలు ఏరుతూనో. ఆమె అమర్చిన ప్రతి రివాల్వర్‌నూ మొదట కాల్చింది ఫౌస్తినో. ఆమె తప్పు చేసి ఉంటే పేలేది ఆయన చేతిలోనే. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే, తన చేతిలో బరువు తెలిశాక తట్టింది. పన్నెండేళ్లు కనిపించని కళ్లతో ఆమె పనిని నమ్మి చెయ్యి ముందుకు చాచాడు. నోటితో ఒప్పుకోలేని మనిషి చేత్తో ఒప్పుకుంటూనే ఉన్నాడేమో. దాంతో కోపం తగ్గలేదు. కోపంతో పాటు ఇంకోటి కూడా వచ్చి కూర్చుంది.

కొలత గొట్టంతో మందు పోసింది. గది నిండేలా పైన కాస్త గోధుమ రవ్వ. సీసపు గుండు పెట్టి, గొట్టం కింది మీటతో కూరింది. సన్నటి సీసపు ఉంగరం తెగి అరచేతిలో పడింది, గుండు బిగువుగా కూర్చుందనడానికి గుర్తు. ఆరు గదులకూ అదే పని చేసి, పైన కొవ్వు మెత్తింది. రాగి టోపీలు ఒక్కొక్కటే తొడిగింది. రివాల్వర్‌కు పక్కగా, జానెడు దూరంలో తెల్లటి అట్ట నిలబెట్టారు. సీసం చీలితే అట్ట చిరుగుతుంది. అట్టకు అబద్ధం చెప్పడం రాదు.

“భయంగా ఉందా?” అంది వెనక నుంచి ఓర్నెల్లా. కోపంగా అనబోయిన మాటే గాని, అలా రాలేదు.

“ఉంది.”

ఆమె హ్యామర్‌ను నెమ్మదిగా లాగింది. కావాలనే అంత నెమ్మదిగా. పేల్చింది. చెయ్యి పైకి లేచింది. తెల్లటి పొగ సొరంగమంతా కమ్ముకుని, కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. పొగ సర్దుకునేదాకా ఆగి, మళ్లీ లాగింది. ఆరోది కాల్చాక రివాల్వర్ కింద పెట్టింది.

రుస్కా గురి కాగితం వైపు పోలేదు. తెల్ల అట్ట తీసి దీపం కిందికి పట్టాడు. మసి మచ్చలున్నాయి. చిరుగు లేదు. వెలుతురుకు ఎదురుగా పెట్టి మరీ చూశాడు. ఒక్క సూదిబెజ్జం కూడా లేదు.

“ఇది నేను పట్టుకెళ్లొచ్చా?” అన్నాడు. “మా వాడి చెంపకు అతికిస్తాను.”

ఓర్నెల్లా అప్పటికి నవ్వలేదు. రుస్కా ముందు నడిచి వెళ్లాక, సొరంగం తలుపు దగ్గర నివెస్‌ను ఆపింది. “బల్ల ఉంచుతాను. నీకు ముద్ర కూడా ఇస్తాను. కాని ఒక్క మాట విను. ఈ రుస్కా నోట్లో నువ్వుగింజ నానదు. గంట తుపాకులన్నీ చేసింది నువ్వేనని ఎంతమందికి చెప్తాడో, చెంప చీరింది నీ తుపాకీ అని కూడా అంతమందికి చెప్తాడు. నీ పేరు తప్పుతోనే మొదలవుతుంది. నీ మొదటి ముద్ర దీని మీదే పడాలి, నా ముందు. ఇష్టమేనా?”

నివెస్ రివాల్వర్ వైపు చూసింది. తను చెయ్యని తప్పు. తన పేరు దాని మీద.

“ఇష్టమే,” అంది.

ముద్ర చెక్కించడానికి వ్యవధి లేదు. బల్ల మీద గురుతులు పెట్టే మొన ఒకటి ఉంటుంది, అందరూ వాడేది. నివెస్ పిడి చెక్క విప్పి, గంట పక్కన ఆ మొన ఆనించి, సుత్తితో కొట్టింది. చిన్న చుక్క పడింది.

“చుక్కేనా?” అన్నాడు రుస్కా. “పువ్వో, పక్షో పెట్టుకోవచ్చుగా?”

“చుక్క చాలు.”

*

శుక్రవారం వర్క్‌షాపు వెనక పెరట్లో పొద్దున్నుంచీ కమ్మీలు తిరుగుతున్నాయి. పంది మాంసం, కోడి, బంగాళాదుంప, మధ్య మధ్య వాసనకు సేజ్ ఆకు, పైనుంచి కరిగే వెన్న. పియేరా రాగి డేగిసాలో మొక్కజొన్న సంకటి కలుపుతూ, చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా పక్కనున్నవాణ్ని తిడుతోంది. ఫౌస్తినో పెళ్లినాటి సూటు వేసుకొచ్చాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. సంగతి అప్పటికే అందరికీ తెలుసు. తెలిసినా కొట్టారు, ఎందుకంటే అంతకుముందు ముప్ఫై ఏళ్ల పని అబద్ధం కాదు, చివరి పన్నెండేళ్లది ఆయనది కాకపోయినా. ఆయన ఎవరి మొహం వైపూ చూడకుండా కూర్చుని, ముందు పెట్టినది తిన్నాడు.

భోజనాలయ్యాక అందరూ లోపల బల్ల చుట్టూ మూగారు. పని మానుకున్నవాడి ముద్రను వాడే అందరి ముందూ అరగదీయాలి. ఇంకెవడూ ఆ పేరు వాడుకోకుండా. ఓర్నెల్లా తండ్రి ముద్రను కూడా ఈ వైస్‌లోనే అరగదీశారు.

ఫౌస్తినో గంట ముద్రను వైస్‌లో బిగించాడు. ఎడమచేత్తో ఆకురాయి తీసుకుని, వేలితో చోటు తడుముకున్నాడు. ఆకురాయి ఒకసారి జారి వైస్ మీద గీసుకుంది. ఎవరో దగ్గారు. ఆయన ఆగాడు.

“నివెస్,” అన్నాడు. “నువ్వు చెయ్యి.”

ఆమె ముందుకొచ్చి ఆకురాయి అందుకుంది. ఈసారి అందరి ముందే చేతులు మారింది. ఆయన పక్కకు జరగలేదు. ఆకురాయి చప్పుడులో కలిసిపోయేలా, ఆమె చెవికి మాత్రమే వినబడేలా అన్నాడు.

“ఆ గీతలు ఎటు వాలి ఉన్నాయో చూశావు కదూ.”

“చూశాను.”

“నువ్వప్పుడు ఆస్పత్రిలో ఉన్నావు.”

“ఉన్నాను.”

“మరెందుకు నీదన్నావు?” ఆయన వైస్ అంచు పట్టుకున్నాడు. “నా వల్ల కాదు నివెస్. రెండు రోజులుగా నిద్ర లేదు. ఇప్పుడే, వీళ్లందరి ముందే చెప్పేస్తాను. ఆ తుపాకీ నాదని చెప్పేస్తాను.”

నివెస్ ఆకురాయి ఆపలేదు.

“వద్దు మాస్టారూ. వందల తుపాకులు చేశాను. వాటిల్లో ‘ఇది నివెస్‌ది’ అని మీ నోటితో మీరన్నది ఆ ఒక్కదాన్నే. అది కూడా వెనక్కి తీసేసుకుంటారా?”

ఫౌస్తినో తల వంచుకున్నాడు, వైస్ అంచు వదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన ముద్ర పోతున్నందుకు బాధపడుతున్నాడనుకున్నారు. పియేరా కళ్లు కూడా తడిశాయి. అది పొగకేనని తర్వాత వాదించింది.

కాసేపటికి నివెస్ ఆకురాయి కింద పెట్టి, ఉక్కు రజను ఊదేసింది. “అయిపోయింది,” అంది.

ఫౌస్తినో ముందుకు వంగి, బొటనవేలితో ముద్ర మొన మీద రాశాడు. ఒకసారి ఇటు నుంచి అటు, ఒకసారి అటు నుంచి ఇటు.

“అవలేదు,” అన్నాడు. “అంచు మిగిలింది. ఇంకో రెండుసార్లు నడుపు.”

ఆమె ఆకురాయి తీసుకుని ఇంకో రెండుసార్లు నడిపింది.